ఒక్క చెప్పు అమ్మే కొట్టు

మా అక్క చెప్పుల కొట్టులో చెప్పులు జతగా ఉండవు. కుడికాలివన్నీ కుడి గోడకు, ఎడమకాలివన్నీ ఎడమ గోడకు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ రెండు గోడల మధ్య నిలబడి, ఇది కొట్టా లేక పెద్ద కొట్లాట జరిగిన చోటా అని కాసేపు తేల్చుకోలేరు. అక్క ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంటుంది. వచ్చినవాళ్ల ముఖం చూడదు, కాళ్లు చూస్తుంది.

"ఏ కాలిది పోయింది?" అంటుంది.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో చెప్పులు జతగా పోవు మరి. అలల్లో నిలబడ్డవాడి పాదం కింద ఇసుక జారుతుంది. వాడు తూలుతాడు. ఒక చెప్పు ఊడుతుంది. పట్టుకుందామని వంగేలోపు ఇంకో అల వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. మిగిలిన చెప్పు చేత్తో పట్టుకుని, కాలే ఇసుకలో గెంతుకుంటూ రోడ్డెక్కే మనిషిని మా ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. వేలెత్తి మా అక్క కొట్టు చూపిస్తారు, అంతే.

మా సముద్రానికి ఎడమకాలి చెప్పంటే మహా ఇష్టం. కారణం నాకు తెలీదు. ఒకసారి పోయిన చెప్పు వానలు వెళ్లాక తిరిగొచ్చింది. దాని మీద ఒక పీత కాపురం పెట్టింది. నీళ్లలో నానీ నానీ ఆ చెప్పు ఒక సైజు పెరిగింది కూడా. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడకూడదని బెత్తం పుచ్చుకుని మరీ నేర్పారు. కాస్త పెంచి చెప్పడం గురించి మాత్రం ఏమీ అనలేదు. సరే, పీతను పక్కన పెట్టండి. అక్క కొట్టు సంగతిలో నేను పెంచేదేమీ లేదు. ఆవిడ ఉన్నంతలోనే చాలా ఎక్కువ.

పెళ్లయిన కొత్తలో అక్క కొత్త చెప్పుల్లో ఒకదాన్ని అల పట్టుకుపోయింది. అప్పట్లో ఊరికంతా ఒకటే చెప్పుల షాపు. మిగిలిన చెప్పు తొడుక్కుని అక్కడికే వెళ్లింది.

"ఎడమకాలిది ఒకటి ఇవ్వండి."

"జత తీసుకోవాలమ్మా," అన్నాడు షాపాయన.

"కుడిది నా కాలికే ఉందిగా!"

"ఉంటే నన్నేం చెయ్యమంటావు? మిగిలినది నేను తొడుక్కుని ఊరేగనా?"

"దాచండి. రేపు ఇంకొకరికి కుడిది పోతుంది."

"జత కొంటే కొను, లేకపోతే దారికి అడ్డం లే," అన్నాడట.

అక్క ఆ ఒంటి చెప్పుతోనే ఇల్లు చేరింది. సంగతి విని మా బావ నవ్వాడు. షాపాయన అన్నదాన్ని మర్చిపోయేదేమో గానీ, ఆ నవ్వుతో పంతం పట్టింది. "నేనే పెడతాను కొట్టు. ఒక్కటి కావాలన్నవాళ్లకి ఒక్కటే ఇస్తాను," అంది. సముద్రానికి వెళ్లే రోడ్డు మలుపులో మా నాన్న ఆవిడ పేర రాసిన చిన్న గది ఉండేది. అందులో బల్ల వేసి, చెప్పులు తెచ్చి, జతలన్నీ విడదీసి గోడలకు తగిలించింది.

ఎడమవి ఇట్టే అమ్ముడుపోయాయి. కుడివి పేరుకుపోయాయి. "ఊళ్లో అందరికీ రెండూ కుడికాళ్లే అయితే ఈ గోడ కూడా ఖాళీ అయ్యేది," అంటూ బావ రోజూ వచ్చి కుడి గోడను పరామర్శించి వెళ్లేవాడు.

అప్పుడు వచ్చాడు వలల మామ. వలలు అల్లడం ఆయన పని. పడవలో తాడు చుట్టుకుని ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఒక చెప్పు కోసం జత కొన్న ప్రతిసారీ ఎడమది అటక మీదికి విసిరేసేవాడట. కర్ర పోటేసుకుంటూ వచ్చి, భుజాన ఉన్న గోనెసంచి బల్ల ముందు బోర్లించాడు. అన్నీ ఎడమవే. ఒక్కదానికీ దుమ్ము తప్ప మట్టి అంటలేదు.

"ఇన్నేళ్లూ లేని కాలిక్కూడా చెప్పులు కొని తొడిగానమ్మాయ్. ఇక నావల్ల కాదు," అన్నాడు.

అక్క వాటిని కొనుక్కుని, ఆయనకు ఎప్పుడు కావాలంటే అప్పుడు కుడిది ఒక్కటే అమ్ముతానంది. రెండు గోడలూ ఒక దారికొచ్చాయి.

రంగులు మాత్రం ఎప్పుడూ కలవలేదు. ఊళ్లో ఎవరి కాళ్లు చూసినా ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. లేదా ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ. మాకది అలవాటైపోయింది. పక్క ఊళ్లో బస్సెక్కితే కండక్టరు కాళ్లకేసి చూసి, ఎక్కడ దిగాలో అడక్కుండానే టిక్కెట్టు కొట్టేవాడు.

అలా చాలా ఏళ్లు గడిచి, అక్కకు జుట్టు పూర్తిగా నెరిశాక, మలుపు వెనకున్న ఖాళీ స్థలంలో కంపెనీ వాళ్ల పెద్ద స్టోరు వెలిసింది. ఏసీ, అద్దాలు, మనిషిని చూసి తనంతట తనే తెరుచుకునే తలుపు. ఆ తలుపు కోసమే మొదటి వారమంతా ఊరు లోపలికీ బయటికీ తిరిగింది. తర్వాత స్టేషనరీ కొట్టు మూతపడింది. పాత్రల కొట్టు మూతపడింది. అక్కను దారికి అడ్డం లెమ్మన్న పాత చెప్పుల షాపు కూడా షట్టరు దించేసింది. అక్క దానికి సంతోషించలేదు. "వాడితో పోట్లాడటానికైనా వాడు ఉండాలి కదరా," అంది నాతో.

ఇంత పెద్ద స్టోరుకి ఒకటే లోటు. సముద్రం వైపు దారి లేదు. రోడ్డు మలుపులో అక్క గది అడ్డం. అది కొనేసి పడగొడితే తప్ప గేటు పెట్టడానికి వీల్లేదు. అందుకని మేనేజరు వచ్చాడు. బూట్లు తళతళలాడుతున్న కుర్రవాడు, మాట మెత్తన.

"నమస్తే మేడమ్," అన్నాడు.

"ఏ కాలిది పోయింది?"

"నాదేమీ పోలేదండీ."

"మరెందుకొచ్చావు బాబూ?"

అతను సంగతి చెప్పాడు. గదికి ఎంత అడిగినా ఇస్తామన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే బావ లోపలినుంచి కుర్చీ తెచ్చి అతని వెనక వేశాడు.

"ఇవ్వను," అంది అక్క.

మేనేజరు ఆలోచించుకోమని చెప్పి వెళ్లాడు. బావ ఆ కుర్చీలో తనే కూలబడ్డాడు.

"ఎందుకే ఈ పంతం? ఇచ్చేసి హాయిగా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుందాం."

"చాపండి. మీ కాళ్లకి నేనేమైనా అడ్డమా?"

బావ నావైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పరా. తమ్ముడివి, నీ మాట వింటుంది."

"నా మాట వినేదైతే నిన్ను చేసుకునేదా బావా?" అన్నాను.

ఆ వారంలోనే మేనేజరు స్టోరు గుమ్మంలో ఒక తోపుడు బండి పెట్టించాడు. దాని నిండా నీలం హవాయి చెప్పులు. అన్నీ ఒకే నీలం, ఒకే అచ్చు. జత ధర అక్క అమ్మే ఒక్క చెప్పు ధర కంటే తక్కువ. ఊరు ఊరంతా ఎగబడింది. ఒక చెప్పు సముద్రంలో పోతే రెండోదాన్ని కూడా దాని వెనకే విసిరేసి కొత్త జత కొనుక్కునేవాళ్లు. చివరికి ఒక సాయంత్రం మా బావ కొట్టుకి వచ్చాడు. అక్క అలవాటుగా కాళ్లు చూసింది. రెండూ నీలం.

"చవకగా వచ్చాయనీ..." అని బావ నసిగాడు.

అక్క అన్నం పెట్టడం మానలేదు గానీ మాట్లాడటం మానేసింది. మా బావ జీవితంలో అంత కష్టం ఎరగడు. తిట్లు లేకపోతే ఆయనకు ముద్ద దిగదు.

కొట్టుకి ఎవరూ రావడం లేదు. అక్క మాత్రం ఉదయాన్నే తలుపు తీసి, ఒక్కో చెప్పూ గుడ్డతో తుడిచి మళ్లీ తగిలించేది. నేను వెళ్లి కబుర్లు చెప్పేవాణ్ణి. ఒకరోజు నా పీత కథ మధ్యలో ఆపి, "ఒరేయ్, మూసెయ్యమంటావా?" అంది.

పుట్టి బుద్ధెరిగాక అక్క నన్ను సలహా అడగడం అదే మొదలు.

అదే సమయానికి గుమ్మంలో కర్ర చప్పుడయింది. వలల మామ. స్టోరు వైపు నుంచి వస్తున్నాడు. ఉన్న ఒక్క కాలికీ చెప్పు లేదు. పట్టీ తెగిపోయిన చెప్పు చేతిలో ఉంది.

"నువ్వూ అక్కడికెళ్లొచ్చావా మామా?" అంది అక్క.

"వెళ్లానమ్మాయ్, ఎందుకు దాచాలి? చవకంటే ఎవరికి చేదు? ఒక్కటి ఇవ్వండి, సగం డబ్బు తీసుకోండి అన్నాను. బిల్లు మిషను ఒప్పుకోదట. జత కొనుక్కుని ఒకటి పారేసుకో తాతా అన్నారు."

"పారేసుకోమన్నారా?"

"పక్కనే చెత్తబుట్ట కూడా చూపించారు."

అక్క స్టూలు దిగింది. కుడి గోడ మీద అన్నిటికంటే పైనున్న మంచి తోలు చెప్పు తీసి, తనే వంగి ఆయన కాలికి తొడిగింది. లేచి నావైపు చూసి, "ఇందాక నేనేం అడిగాను?" అంది.

"నువ్వేమీ అడగలేదక్కా," అన్నాను.

ఇక స్టోరు వాళ్లు చేసిన పని చూడండి. లోపల నేలంతా తెల్లటి టైల్సు. మా ఊరి జనం సముద్రం నుంచి నేరుగా వచ్చేవాళ్లు. బస్తాలకొద్దీ ఇసుక లోపలికి చేరుతోంది. తుడిచి తుడిచి విసిగిపోయి, గుమ్మం బయట అరలు పెట్టించి, చెప్పులు అక్కడ విడిచి రావాలని బోర్డు కట్టారు. ఆదివారం వచ్చింది. ఊళ్లో సగం మంది, బయటినుంచి వచ్చినవాళ్లు అంతమంది, ఆ చల్లదనానికి లోపలికి దూరారు. బయట అరల నిండా నీలం చెప్పులు. నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే అక్కడ కూడా సముద్రమే అనిపించింది.

బయటికొచ్చాక మొదలైంది అసలు తమాషా. ఎవరి చెప్పులు ఎవరివో ఎవరికీ తెలీదు. మొదట వచ్చినవాళ్లు మంచివి తొడుక్కుపోయారు. తర్వాత వచ్చినవాళ్లు దొరికినవి తొడుక్కున్నారు. చివర్లో వచ్చినవాళ్లు పోట్లాడుకున్నారు. ఒకావిడ తన కాలివేళ్ల గుర్తులు చూపించి మరీ వాదించింది. ఒక లావుపాటాయన పిల్లల చెప్పుల్లో మునివేళ్లు దూర్చుకుని, పెళ్లికూతురిలా చిన్నచిన్న అడుగులేస్తూ ఇంటికెళ్లాడు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను పెంచలేదు.

ఆ గుంపులోంచి మా బావ అక్క కొట్టుకి వచ్చాడు. కాళ్లకున్నవి రెండూ ఎడమకాలివే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

అక్క ఆయన కాళ్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత నోరు విప్పింది. "ఏ కాలిది పోయింది?"

"బుద్ధి పోయిందే," అన్నాడు బావ.

"అది మా కొట్లో దొరకదు. కాలు చాపండి." చిన్నదాన్ని ఊడదీసి, ఎర్రటి కుడి చెప్పు ఇచ్చింది. "ఇక మీవి ఏవో చీకట్లో కూడా తెలుస్తుంది."

ఆయన ఒక కాలు నీలం, ఒక కాలు ఎరుపుతో రోడ్డు మీదికి వెళ్లేసరికి అందరికీ వెలిగింది. సాయంత్రానికి కొట్టు ముందు వరస. అందరికీ ఒక్క చెప్పే కావాలి, ఏ రంగైనా సరే, నీలం కాకపోతే చాలు. అక్క అందరికీ ఇచ్చింది గానీ ఊరికే ఇవ్వలేదు. "జతలు చవకన్నావుగా? ఇప్పుడు ఒక్కదానికి వచ్చావేం? ఆ, కాలు చాపు," అని ప్రతి ఒక్కరికీ వడ్డించింది. తిట్లు తిన్నవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్లారు.

కొన్నాళ్లకు మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి బావ కుర్చీ వెయ్యలేదు. వలల మామ అప్పటికే అందులో కూర్చుని ఉన్నాడు.

"మేడమ్, హెడ్డాఫీసు వాళ్లు మంచి మాట చెప్పారు. గది మాకివ్వండి. మా స్టోర్లోనే మీకు చెప్పుల కౌంటరు ఇస్తాం. ఏసీ, మంచి కుర్చీ, పైన మీ పేరుతో బోర్డు."

"ఒక్క చెప్పు అమ్మనిస్తారా?"

మేనేజరు తడబడ్డాడు. "సిస్టమ్‌లో జతే ఉంటుందండీ. ఒకటికి బిల్లు రాదు. చిన్న విషయం కదా..."

"రెండోది నా ఎడమకాలికి మీరే తొడగండి బాబూ," అన్నాడు వలల మామ. "సముద్రంలోనే ఉంది. కాస్త లోతు."

అక్క స్టూలు మీద నిటారుగా కూర్చుంది. "చూడు బాబూ. డబ్బు కోసం పెట్టలేదీ కొట్టు అని కోతలు కొయ్యను. డబ్బుకే పెట్టాను. కానీ ఒకడు 'జత కొంటే కొను, లేకపోతే దారికి అడ్డం లే' అన్నందుకు పెట్టాను. నువ్వు ఇంత అద్దాల మేడ కట్టి, తలుపుకి కళ్లు పెట్టించి, చివరికి నాకు చెప్పేది ఆ మాటేనా? లేవను."

"పోనీ, మీ తర్వాతైనా..."

"నా తర్వాత మా ఆయన్ని అడుగు. మారు మాట్లాడకుండా ఇచ్చేస్తారు. అందుకే నేను ముందు పోను."

బావకు పొలమారింది. మేనేజరు నవ్వాపుకోలేక తలొంచుకుని వెళ్లిపోయాడు.

స్టోరు మూతపడలేదు. నేనూ అక్కడే సబ్బులు కొంటాను, చల్లగా ఉంటుంది. గేటు మాత్రం వెనక సందులో పెట్టుకున్నారు. తర్వాత చుట్టూ గోడ కట్టడం మొదలెట్టారు. మేస్త్రీ రోడ్డు పొడవునా తిన్నగా దారం కట్టుకుంటూ వచ్చి, అక్క గది దగ్గర ఆగాడు. అక్క స్టూలు బయటికి తెచ్చుకుని, కాలు మీద కాలేసుకుని, అతని ఎదురుగా కూర్చుంది.

"అటు జరుపు," అంది.

మేస్త్రీ దారం జరిపాడు. "చాలా అమ్మా?"

"ఇంకా."

"ఇంకా అంటే గోడ వంకరొస్తుందమ్మా."

"రానీ," అంది మా అక్క.