కలక కాదమ్మా

మా అరకు ఆస్పత్రి ఆపరేషన్ గదిలో పెద్ద సిస్టర్‌కు కళ్ళు పూర్తిగా కప్పేసే సీసపు అద్దాల కళ్ళజోడు వచ్చిన కొత్తలో, బల్లెక్కిన రోగులు ఆవిడను చూసి మొహం తిప్పేసుకునేవారు. చూస్తే కళ్ళకలక అంటుకుంటుందని భయం.

“ఏటి సిస్టరమ్మా, కలకొచ్చినా డూటీకొచ్చీసినావా?” అనడిగింది చెయ్యి విరిగి పెదబయలు నుంచి వచ్చిన ముసలమ్మ.

“కలక కాదమ్మా. ఎక్స్‌రే నా కళ్ళల్లో పడకుండా పెట్టుకున్నాను.”

గ్లవ్స్ చేతులతో తాకకూడదు కాబట్టి, బరువుకి జారే ఆ జోడును భుజంతో పైకి తోసుకునేది. అంతకుముందు ఏళ్ళ తరబడి ఏ అడ్డూ లేకుండానే ఎక్స్‌రే పక్కన రోగుల కాళ్ళూ చేతులూ పట్టుకుని నిలబడిన మనిషి. అందుకే మొన్న చూపు మసకేస్తోందంటే, ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నర్సుగా నాకు భయమేసింది. ఆ కిరణాల వల్ల శుక్లాలొచ్చాయేమోనని విశాఖ కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

పరీక్ష గదిలోంచి నల్లద్దాలతో, గోడ తడుముకుంటూ వచ్చింది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

“సుక్కలమందేసినారే, అంతే. శుక్లాలు నేవంట. సదువుకోడానికి అద్దాలు మార్చుకోమన్నారు.”

తిరుగు బస్సులో ఎదురు సీటావిడ ఆ నల్లద్దాలు చూసి గబుక్కున మొహం తిప్పేసుకుంది. సిస్టర్ చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి. అయినా భుజంతోనే అద్దాలు పైకి తోసుకుని, బస్సంతా వినేలా అంది:

“కలక కాదమ్మా. నా కళ్ళకేటీ నేదు!”