ఇంటర్వెల్‌లో ఈశ్వరయ్యగారి మాట

ఈశ్వరయ్యగారికి అమెరికాలో అర్థం కానివి చాలా ఉన్నాయి గానీ, వాటిలో మొట్టమొదటిది ఇక్కడ ఎవరూ సిగరెట్ కాల్చకపోవడం. ఆయనకేమీ ఆ అలవాటు లేదు. కానీ దాదాపు నలభై ఏళ్లపాటు ఆయన ఊరి జనం కాల్చిన సిగరెట్ల మీదే బతికారు.

ఆయన విజయవాడ గాంధీనగరంలో ఒక సినిమా పంపిణీ ఆఫీసుకి రిప్రజెంటేటివ్. అంటే సినిమా రీళ్ల పెట్టె వెంట గుడివాడో తెనాలో బాపట్లో వెళ్లి, హాలువాడు టిక్కెట్లు దొంగతనంగా అమ్మకుండా కాపలా కాయడం. అది పేరుకి. అసలు పని మొదటిరోజు ఉదయం ఆట ఇంటర్వెల్‌లో ఉండేది. జనం బయటికి వచ్చి సోడాబడ్డీ దగ్గర సిగరెట్లు వెలిగించేవారు. ఈశ్వరయ్యగారు ఓ పక్కన నిలబడి వాళ్ల మాటలు వింటున్నట్టు నటించేవారు. మాటల్ని ఆయన పైసాకి నమ్మరు. లోపల గంట మోగగానే సగం కాలిన సిగరెట్టు కింద పారేసి పరుగెత్తారా, సినిమా ఆడినట్టే. గంట మోగాక రెండోది వెలిగించారా, ఇక ఆ పెట్టె సర్దుకోవచ్చు. అప్పుడాయన ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పేవారు. "ఆడుద్ది" లేదా "పోయింది". ఆ ఒక్క మాట కోసం అవతల యజమాని పూజగదిలో కూర్చుని ఉండేవాడు.

అలాంటి మనిషి ఇప్పుడు అరిజోనాలో, చాండ్లర్ అనే ఊళ్లో, కూతురు స్రవంతి ఇంట్లో ఉంటున్నారు. భార్య పోయాక కూతురే కాగితాలు పెట్టించి తెచ్చుకుంది. ఇల్లు బాగుంది, ఎండ మన బెజవాడ ఎండలాగే ఉంది, అల్లుడు రవికాంత్ నెమ్మదస్తుడు. లోటల్లా ఒక్కటే. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. "టీ తాగావా, మందు వేసుకున్నావా" అంటారు. అవి అడగడం కాదు, బళ్లో హాజరు పలికించడం.

అందుకే 2012 మార్చిలో ఒకనాటి సాయంత్రం రవికాంత్ వచ్చి పక్కన కూర్చుని అడిగినప్పుడు ఆయన ఛాతీ కొంచెం పెరిగిన మాట నిజం.

"మామయ్యగారూ, ఉగాదికి ఒక పెద్ద సినిమా రిలీజ్ అవుతోంది. నేనూ మా ఫ్రెండ్ శ్యామ్‌సుందరూ కలిసి మన ఏరియాకి తెస్తున్నాం. గురువారం ప్రీమియర్‌కి మీరు రావాలి. ఇంటర్వెల్‌లో నాకు ఒక్క మాట చెప్పండి, ఆడుద్దా, పోద్దా."

సినిమా నిజంగానే పెద్దది. కోటలు, యుద్ధాలు, లెక్కలేనన్ని గుర్రాలు. తెలుగులో ఇంతవరకూ ఇంత ఖర్చు ఎవరూ పెట్టలేదని ప్రకటనల్లో వేశారు. ఈ మాట ఈశ్వరయ్యగారు తన జీవితంలో ప్రతి మూడో సినిమాకీ విన్నారు. గుర్రాలు ఎక్కువైన చోట కథ తక్కువవుతుందని ఆయన అనుభవం. అయినా నోరు జారకుండా, "చూద్దాం బాబూ" అన్నారు గంభీరంగా.

మర్నాడు వంటింట్లో స్రవంతి ఆయన్ని పట్టుకుంది. చేతిలో గరిటె, కళ్లల్లో భయం.

"నాన్నా, రవి నిన్ను అడిగాడంటగా. సినిమా ఎట్లా ఉన్నా సరే, పోయిందని చెప్పు."

"అదేంటమ్మా! చూడకుండానే?"

"హిట్టయితే జాబ్ మానేసి ఫుల్ టైమ్ ఇందులోకి దిగుతానంటున్నాడు. నవ్వుతూ అంటున్నాడు. ఆయన నవ్వుతూ అన్నాడంటే చేసేస్తాడు. ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి అన్నీ ఆ జాబ్ మీదే ఉన్నాయి నాన్నా. నీ మాటంటే ఆయనకి గురి. ప్లీజ్."

ఈశ్వరయ్యగారు గతుక్కుమన్నారు. ఆయన జీవితంలో చాలా పాపాలు చేసి ఉండవచ్చు, కానీ ఇంటర్వెల్ మాట మాత్రం ఏనాడూ తప్పు చెప్పలేదు. నిర్మాతల మనుషులు వచ్చి బతిమాలినా చెప్పలేదు. ఇప్పుడు కన్నకూతురు గరిటె పట్టుకుని అడుగుతోంది. "చూద్దాం తల్లీ" అని తప్పించుకున్నారు. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకే జవాబు ఇచ్చి ఇద్దర్నీ ఒప్పించడం చూసి తనకే ఆశ్చర్యం వేసింది.

ప్రీమియర్‌కి ముందు రోజు, బుధవారం. ఎప్పటిలాగే పొద్దున్నే ఆఫీసుకని బయల్దేరిన రవికాంత్ మధ్యాహ్నానికి ముందే తిరిగివచ్చాడు. స్రవంతి అప్పటికే తన ఆఫీసుకి వెళ్లిపోయింది.

"మామయ్యగారూ, ఖాళీయేగా? రండి, బేస్‌బాల్ చూద్దాం."

"ఆఫీస్ లేదా బాబూ?"

"లీవ్ పెట్టాను."

మార్చి నెలంతా ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద పెద్ద టీములు వచ్చి ఆడతాయి. అసలు పోటీలు ఏప్రిల్‌లో. ఇది దానికి ముందు సాధన. రవికాంత్ కుర్చీల వైపు కాకుండా వెనకాల గడ్డి గట్టు మీదికి తీసుకెళ్లి దుప్పటి పరిచాడు. గేటు దగ్గర టిక్కెట్లు చించే ముసలాయన అతన్ని చూసి పేరు పెట్టి పలకరించాడు. ఈశ్వరయ్యగారికి అది కొంచెం వింతగా తోచింది గానీ, అమెరికాలో అందరూ అందర్నీ పలకరిస్తారు కదా అని ఊరుకున్నారు.

మధ్యలో మట్టిదిబ్బ మీద ఓ పొడుగాటి మనిషి నిలబడి బంతులు విసురుతున్నాడు. వాడి జీతం ఎంతో రవికాంత్ చెప్పేసరికి, మన సినిమావాళ్లంతా కలిసి అన్ని గుర్రాలు కొన్నా అంత కాదని ఈశ్వరయ్యగారు నోరు వెళ్లబెట్టారు. తీరా చూస్తే వాడు వేసిన బంతిని వేసినట్టే బాదుతున్నారు. ఒకటి కంచె దాటి వీళ్ల దుప్పటి పక్కనే పడింది. ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. ఈశ్వరయ్యగారు చుట్టూ చూశారు. ఇదే మన ఊళ్లో అయితే ఈపాటికి కుర్చీలు చిరిగేవి. ఇక్కడ జనం పల్లీలు తింటున్నారు. వాణ్ణి పక్కకి పిలిచేస్తే చప్పట్లు కూడా కొట్టారు. వాడు టోపీ ఎత్తి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏంటి బాబూ ఇది? అంత జీతం ఇచ్చి తెచ్చుకున్నోడు ఇంత ఘోరంగా పోతే, పబ్లిక్ ఊరుకున్నారేంటి?"

"ఇది లెక్కలోకి రాదు మామయ్యగారూ. కొత్త రకం బంతి నేర్చుకుంటున్నాడు. అది కుదిరేదాకా బ్యాటర్లు కొడుతూనే ఉంటారు. అందరికీ తెలుసు. వాళ్ల కోచ్‌ని చూశారా? బంతి ఎక్కడికి పోయిందో ఒక్కసారి కూడా చూడలేదు. వీడి కాలు ఎక్కడ పడుతోందో అదే చూస్తున్నాడు."

"మరి వాడు నేర్చుకుంటున్నాడో, అసలు పనికిరాకుండానే పోయాడో ఎట్టా తెలుస్తుంది?"

రవికాంత్ దుప్పటి పక్కన పడ్డ బంతిని చేతిలోకి తీసుకున్నాడు. "తెలీదు. ఏప్రిల్ దాకా ఎవరికీ తెలీదు" అన్నాడు. తర్వాత మైదానం వైపే చూస్తూ, ఆట గురించే చెబుతున్నట్టు చెప్పాడు. "నా జాబ్ పోయింది మామయ్యగారూ. ఫిబ్రవరిలోనే. మా టీమ్ మొత్తాన్ని లేఆఫ్ చేశారు. రోజూ ఇక్కడికే వస్తున్నాను."

గేటు దగ్గరి ముసలాయన పలకరింపు ఈశ్వరయ్యగారికి ఇప్పుడు అర్థమైంది.

"స్రవంతికి చెప్పలేకపోయాను. ముందు ఇంకో జాబ్ చూసుకుని చెబుదామనుకున్నా, రాలేదు. ఈ సినిమా హిట్టయితే, నేనే మానేశానని చెప్పుకుంటాను. జాబ్ పోయిందని చెప్పక్కర్లేదు. అందుకే రేపు మీ మాట కావాలి. మీరు ఆడుద్దంటే ఇంటర్వెల్‌లోనే ఆమెకి చెప్పేస్తాను. మీరు మాత్రం ఈ సంగతి చెప్పకండి."

దారిలో కార్లో ఈశ్వరయ్యగారు ఈ చిక్కుని ఎన్నివైపుల నుంచి విప్పాలని చూసినా అది మరింత బిగుసుకుంది. కూతురేమో అల్లుడి ఉద్యోగం నిలవడానికి సినిమా పోవాలంటోంది. ఆ ఉద్యోగం లేదు. అల్లుడు ఉద్యోగం మానేశానని చెప్పుకోవడానికి సినిమా ఆడాలంటున్నాడు. మానడానికీ అది లేదు. లేని ఉద్యోగానికి అటొకరు ఇటొకరు పట్టుకుని లాగుతుంటే, నడుమ తన మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయనకి ఇద్దరి మీదా జాలి వేసింది, ఇద్దరి మీదా కోపమూ వచ్చింది.

గురువారం సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ ఆ పూటే విమానంలో దిగిందని శ్యామ్‌సుందర్ చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు. ఆట మొదలైంది. హీరో కోట గోడ మీంచి దూకాడు. ఈలలు. గుర్రం మీంచి దూకాడు. మళ్లీ ఈలలు. దేని మీంచి దూకినా ఈలలే. ఈశ్వరయ్యగారికి కథ ఎటు పోతోందో అంతుపట్టలేదు. పక్కన కూర్చున్న కుర్రాళ్లు మాత్రం అమెరికా యాసలో అరుస్తూ ఆనందిస్తున్నారు. వాళ్లు మెచ్చుకుంటున్నారో ఎగతాళి చేస్తున్నారో కూడా తెలియలేదు.

ఇంటర్వెల్‌లో ఆయన అందరికంటే ముందు బయటి వరండాలోకొచ్చి గోడవారగా నిలబడ్డారు. జనం వచ్చారు. ఒక్కడూ సిగరెట్ తీయలేదు. అందరూ సమోసాల బల్ల దగ్గర మూగారు. ఒకామె ఇంకొకామెని వాటేసుకుని "ఎన్నాళ్లకి కనిపించారండీ!" అంటోంది. ఒకాయన ఇంటి లోను గురించి, ఇంకొకాయన గ్రీన్‌కార్డ్ గురించి, అమ్మలు పిల్లల మ్యూజిక్ క్లాసుల గురించి. సినిమా ఊసు ఎత్తినవాళ్లు లేరు. అంటే పోయినట్టే. కానీ అందరి ముఖాలూ పెళ్లిపందిట్లో ఉన్నట్టు వెలిగిపోతున్నాయి. ఎవరూ ఇంటికి పోయే ఆలోచనలో లేరు. అంటే ఆడినట్టే. లోపల దీపాలు ఆరబోతున్నాయని ఎవరో కేక వేస్తే చేతిలో సగం సమోసాలతోనే పరుగెత్తారు. సగం సమోసాని ఏ లెక్కలో వేసుకోవాలి? పారెయ్యలేదుగా, తింటూ పోయారుగా!

ఆ సినిమా సంగతి దాచడమెందుకు, శనివారానికే పడిపోయింది. గుర్రాలు, కోటలు, హీరో దూకుళ్లు ఏవీ దాన్ని నిలబెట్టలేదు. కానీ ఆ గురువారం సాయంత్రం ఆ వరండాలో నిలబడి ఎవరూ ఆ మాట చెప్పలేరు. కోచ్ లాగా చూడ్డానికి ఈశ్వరయ్యగారికి అక్కడ ఎవరి కాలూ దొరకలేదు.

వరండా ఖాళీ అయింది. రవికాంత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వెనకే స్రవంతి వచ్చింది. ఇద్దరూ ఆయన నోటివంకే చూస్తున్నారు. తన మాట కోసం ఇంత ఆశగా ఎదురుచూసినవాళ్లు గాంధీనగరంలో కూడా లేరు.

"చెప్పండి మామయ్యగారూ. ఆడుద్దా?"

"నాన్నా, ఉన్నదున్నట్టు చెప్పు" అంటూ స్రవంతి కళ్లతో బతిమాలింది.

"నాకు తెలీడం లేదు బాబూ" అన్నారు ఈశ్వరయ్యగారు. ఆ మాట అనడం ఆయనకి అదే మొదలు. "ఈ జనం నాకు అర్థం కావటంలా."

"అట్లా అంటే ఎట్లా? ఏదో ఒకటి చెప్పండి!" రవికాంత్ గొంతు పెరిగింది.

"చెప్పు నాన్నా, పోయిందనేగా?"

అటు చూశారు. ఇటు చూశారు. తల తిరిగిపోయింది. ఏం మాట్లాడుతున్నారో చూసుకునేలోపే నోరు జారింది. "ఆడితే ఏంటి, పోతే ఏంటమ్మా! పోయిన ఉద్యోగం తిరిగొస్తుందా?"

లోపల యుద్ధం మొదలైనట్టుంది, గుర్రాల గిట్టల చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది. బయట ముగ్గురూ కదల్లేదు. ఈశ్వరయ్యగారు నాలుక కరుచుకున్నారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. స్రవంతి భర్త వైపు తిరిగింది.

"ఎవరి ఉద్యోగం?"

రవికాంత్ సమోసాల బల్ల పట్టుకున్నాడు. "నాదే."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"మరి రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నావు?"

"బేస్‌బాల్ గ్రౌండ్‌కి. లాన్‌లో కూర్చుని ప్రాక్టీస్ గేమ్స్ చూస్తున్నా."

ఇక మొదలవుతుందని ఈశ్వరయ్యగారు కళ్లు సగం మూసుకున్నారు. కూతురి కోపం ఆయనకి తెలుసు, అది వాళ్లమ్మది. చెప్పనందుకు ఒక విడత, అబద్ధమాడినందుకు ఒక విడత, సినిమాలో వేలు పెట్టినందుకు ఇంకో విడత వస్తాయి. తప్పంతా తన నోటిదే. ఎలా అడ్డుపడాలో ఆలోచిస్తున్నారు.

"ఒక్కడివేనా?" అంది స్రవంతి.

రవికాంత్ తల ఎత్తలేదు.

"ఇన్నాళ్లూ ఒక్కడివే కూర్చున్నావా?"

అతను తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు, ఆపలేకపోయాడు. స్రవంతి దగ్గరికి వచ్చి, బల్ల మీదున్న అతని చెయ్యి విడిపించి తన చేతుల్లోకి తీసుకుంది.

"నాకు చెప్పుంటే నేనూ వచ్చి పక్కన కూర్చునేదాన్ని కదరా" అంది.