బడ్జెట్‌కు ముందే తీసిన నవ్వు

బడ్జెట్ రోజు జనాభిప్రాయం అంటూ మైకు పట్టుకుని తిరిగే టీవీవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అమ్మ నోట్లో వాళ్ల మాట పెట్టి వెళ్లిపోయారు.

ప్రత్యేక తెలంగాణ కోసం మెదక్‌లో రోజూ ఏదో ఒక ధర్నా జరుగుతున్న కాలం. మా వాడలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవారు. మా అరుగు మీద చేరి, ఒకరి పని వెనకబడితే మరొకరు ఓ చేయి వేసేవారు. ఢిల్లీ బడ్జెట్‌లో బీడీల మీద పన్ను పెరిగితే కార్ఖానావాళ్లు మాకు చుట్టడానికి ఇచ్చే ఆకు తగ్గిస్తారు. ఆకు తగ్గితే పని తగ్గినట్టే. అందుకే ఆ ఒక్క రోజు వాడంతా వార్తలు చూసేది.

ఆ ఉదయం, ఇంకా బడ్జెట్ చదవకముందే, హైదరాబాద్ నుంచి ఒక విలేకరి కెమెరాతో దిగాడు. అరుగు మీద అప్పటికి అమ్మ ఒక్కతే ఉంది. బడ్జెట్ ఎలా ఉందో చెప్పమన్నాడు. ఇంకా రాలేదు కదా అంది అమ్మ. మధ్యాహ్నానికి తాను తూప్రాన్‌లో ఉండాలట, అందుకని ముందే తీసుకుంటాడట. బాగుంటే వేయడానికి ఒకటి, బాగాలేకపోతే వేయడానికి ఇంకొకటి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"బీడీల మీద పన్ను పెంచిండ్రంటే మాకు పని దొరకది సార్. గా మాట జర పెద్దోళ్లకు చెప్పుండ్రి," అంది అమ్మ.

ఆ మాట అతనికి పనికిరాలేదు. "కొంచెం మంచి తెలుగులో మాట్లాడమ్మా," అన్నాడు. మా అమ్మది మంచి తెలుగు కాదట! తలుపు దగ్గర నిలబడి వింటున్న నాకు, డిగ్రీ చదువుతున్నవాణ్ణి, వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మ మాత్రం గడపలోకి వచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని, అతను చెప్పించిన రెండు వాక్యాలూ అప్పజెప్పింది. ఒకటి దిగులు మొహంతో, ఒకటి నవ్వుతూ. పైగా చాయ్ పోసింది.

ఆ రోజు బీడీల మీద పన్ను పెరిగింది. సాయంత్రం వార్తల్లో అమ్మ కనిపించింది. ఈ బడ్జెట్ మహిళలకు ఎంతో సంతోషాన్నిచ్చిందని నవ్వుతూ చెప్పింది. దిగులు ముక్క ఏ చెత్తబుట్టలో పడిందో! స్టూడియోలో కోటు వేసుకున్న పెద్దమనిషి ఆదాయపు పన్ను, కార్లు, షేర్లు అంటూ ఊదరగొడుతున్నాడు. బీడీ అన్న మాట అతని నోట రాలేదు.

వారం తిరగకుండానే కార్ఖానాలో ఆకు తగ్గించారు. మా అరుగు మీదికి రావడం అందరూ మానేశారు. అమ్మ ఇల్లిల్లూ తిరిగి, అది బడ్జెట్ రాకముందు చెప్పించిన మాట అని మొత్తుకుంది. రాని బడ్జెట్ బాగుందని ఎవరైనా చెబుతారా అని దెప్పారు. చివరికి ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి అమ్మతోపాటు నేనూ వెళ్లాను. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో చేయి పట్టి బీడీ చుట్టడం నేర్పింది ఆమే. అమ్మ చెప్పిందంతా పెద్దమ్మ తలవంచుకుని విన్నది.

"టీవీల అబద్ధం చూపెడ్తరానే?" అని, బీడీల చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.