నాగవ్వ కుట్టిన మూడు పొరలు

నాగవ్వకు కోపం ఎక్కువని ధారూర్ చుట్టుపక్కల అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు మాత్రం నోరు మెదపరు. ఆ రోజు వాళ్లు కూడా అక్కడే నిలబడి చోద్యం చూశారు మరి.

గొర్రెలు కాసే ఇంటి కోడలు నాగవ్వ. తోడేలు పట్టి గొర్రె పొట్ట చీలితే జనం ఆమె దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో పేగులు కడిగి, మెల్లగా లోపలికి నెట్టేది. అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. పేగుల చుట్టూ ఉల్లిపొరంత పలుచటి పొర ఒకటి ఉంటుంది. ముందు దాన్ని కుట్టాలి. దాని పైన కండను వేరుగా కుట్టాలి. చిట్టచివర తోలు. "పై తోలు ఒక్కటే కుడితే లోపల సందు అట్లనే ఉంటది బిడ్డా, పేగు ఆ సందులకెల్లి జారి మెలివడి సస్తది" అని మామ ఆమె చెయ్యి పట్టుకొని నేర్పాడు.

పందొమ్మిదివందల యాభై రెండు ఎండాకాలం. ఎరువు కోసం నర్సింహులు పటేల్ పొలంలో మంద పెట్టారు. పొద్దున్నే పటేల్ ఎద్దు పలుపు తెంచుకొని వచ్చి నాగవ్వ పెనిమిటి బీరన్నను పొట్టలో కుమ్మింది. పేగు కొంచెం బయటికొచ్చింది. నాగవ్వ నీళ్లు కాచింది, సూదీ దారమూ అందులో వేసి ఉడికించింది. ఇక కూర్చోబోతుంటే పటేల్ ఆమె చేతిలోని సూది లాక్కొని అవతల పారేశాడు.

"మనిషిని గొర్రె లెక్క కుడ్తవా? పిచ్చిగిట్ల లేసిందా? తాండూరుకు తీస్కపోండ్రి!"

చుట్టూ ఉన్నవాళ్లు ఔనౌనన్నారు. నాగవ్వ చెయ్యి కూడా ఆ క్షణాన వెనకాడింది. మనిషి ఒళ్లు వేరేమో అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు, ఆ తప్పును తనకు తానే ఈనాటికీ క్షమించుకోలేదు.

తాండూరు బజార్లో ఒక ప్రైవేటు కాంపౌండరు పేగులు లోపలికి తోసి, పై తోలు మాత్రం చకచకా కుట్టేశాడు. "లోపలి పొర కుట్టలే సారూ" అని నాగవ్వ మొత్తుకుంది. అతను పకపకా నవ్వి, "గొర్రెల డాక్టరమ్మ వచ్చింది" అన్నాడు. అక్కడున్నవాళ్లూ నవ్వారు. ఆరో రోజు బీరన్న దగ్గాడు. కుట్టు కింద పిడికిలంత ఉబ్బు లేచింది. రెండు రోజులు గిలగిలా కొట్టుకొని ప్రాణం వదిలాడు. నవ్వినవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు మట్టి వెయ్యడానికి రాలేదు.

తొమ్మిదేళ్లకు అదే పటేల్ బండి తోలుకొని ఆమె గుడిసె ముందుకొచ్చాడు. బండిలో కొడుకు బాల్‌రాజ్, పొట్టలో ఎద్దు కొమ్ము గాయం. వికారాబాద్ దవాఖానాకు పోయే రైలు రావడానికి ఇంకా నాలుగు గంటల టైముంది.

"నాగవ్వా, జర సూడు. నీ కాళ్లు మొక్కుత."

"ఏం జెయ్యాలె?" అంది నాగవ్వ, కదలకుండా.

"కుట్టు."

"ఎట్ల?"

పటేల్ తల వంచుకున్నాడు. వాడకట్టంతా చూస్తోంది.

"గొర్రెను... గొర్రెను కుట్టినట్టే కుట్టు."

ఆ మాట వినాలని తొమ్మిదేళ్లుగా ఎదురుచూసింది. తీరా విన్నాక ఒళ్లు మరింత మండింది. అయినా బాల్‌రాజ్ మొహంలో బీరన్న నొప్పే కనిపించింది. నీళ్లు కాచింది. ఈసారి చెయ్యి వెనకాడలేదు. పొర, కండ, తోలు, మూడూ వేరువేరుగా కుట్టింది.

సాయంత్రం రైల్లో తనూ ఎక్కి వికారాబాద్ సర్కారు దవాఖానా దాకా వెళ్లింది. డాక్టరు గాయం శుభ్రం చేయడానికి పై కుట్లు విప్పి, లోపలికి చూసి ఆగిపోయాడు.

"లోపల ఇంకా రెండు వరుసలున్నాయి. ఇంత పద్ధతిగా ఎవరు కుట్టారు?"

"తాండూరు కాంపౌండరు సార్" అన్నాడు పటేల్. రెప్ప కూడా వెయ్యలేదు. గొర్రెలు కాసే ఆడదాని చేత కొడుకు పొట్ట కుట్టించానని చెప్పుకోవడానికి నామోషీ!

డాక్టరు కాగితం మీద ఆ మాటే రాసుకుంటున్నాడు. నాగవ్వ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"కాంపౌండరు ఒక్క వరుసనే కుడ్తడు సారూ. ఆయన కుట్టిన మనిషిని నేనే మట్టిల వెట్టిన."

డాక్టరు ఇద్దరినీ ఒకసారి చూసి, రాసింది కొట్టేసి, "నీ పేరేందమ్మా?" అని అడిగాడు.

"నాగవ్వ" అంది ఆమె. "బీరన్న పెండ్లాన్ని. అది గూడ రాయుండ్రి."