పట్టాలు అయిపోయేదాకా

మా మేనత్త మద్రాసులో చనిపోయింది. ఫోన్ పెట్టేశాక నాన్న రొయ్యల గుంట గట్టు మీంచి ఇంటికొచ్చి మొదట అన్న మాట ఇది: "ఇప్పుడు స్టేషన్‌కి ఎవురొస్తారు మనకి?"

వాకాడు వైపు నుంచి ఆస్పత్రికో కాలేజీ సీటుకో ఎవరు వెళ్ళినా, సెంట్రల్ స్టేషన్ బయటి స్తంభం దగ్గర మా అత్త ఉండేది. బయలుదేరే ముందే ఫోన్లో అన్నీ చెప్పేది. "కొత్త చెప్పులేసుకోని రాబాకండి, బొబ్బలెక్కుతాయి. ఆస్పత్రిలో టోకెన్ తీసుకున్నాకే టిఫిను. దోవ తెలీకపోతే పరిగెత్తేవాణ్ణి అడగబాకు పాపా, పూలమ్మే ఆమెనడుగు. ఆమె దినామూ ఆడే కూర్చోనుంటది." చివర ఎప్పుడూ ఒకటే మాట: "దిగి ఆ స్తంభం కాడ నిలబడండి. నేనొచ్చిందాకా కదలబాకండి."

సెంట్రల్‌కి ముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు ఆగుతుంది. మేడలు కనబడగానే సెంట్రల్ వచ్చేసిందనుకుని మావాళ్ళంతా మూటలతో లేచి నిలబడతారు. నాన్న ఒకసారి ఎండుచేపల సంచితో అక్కడే దిగేశాడు. అత్త ఏళ్ళ తరబడి ఆటపట్టించింది: "ఏం అబ్బయ్యా, ఆడ రైలింజన్లకి చేపలమ్మినావా? పట్టాలు అయిపోయిందాకా కూర్చోవాల. సెంట్రల్ దాటితే ఇంక పట్టాల్లేవురా."

ఆ వాక్యం నాకెంత ఇష్టమో! ఎంత పెద్ద ఊరికైనా అంత చిన్న గుర్తు చాలని అప్పుడే తెలిసింది.

చనిపోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు చీర కప్పాలి. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా ఆ పద్ధతి వదల్లేదు. సాయంత్రం లోపల సమాధి చేయాలని, చీర వచ్చేదాకా శవపెట్టె మూయబోమని మామయ్య చెప్పాడు. కోట ఊరి బజార్లో కొన్న తెల్ల చీరను సంచిలో పెట్టుకుని, నాన్నా నేనూ నాయుడుపేటలో రైలెక్కాము.

బేసిన్ బ్రిడ్జిలో రైలు ఆగింది. బోగీలో సగం మంది లేచారు. నాన్న కూడా సంచి గుండెకు హత్తుకుని లేచాడు.

"కూర్చో నాన్నా. ఇది కాదు."

"అందరూ దిగతన్నారు గదమ్మా."

"పట్టాలుండాయి చూడు ముందర."

కిటికీలోంచి చూసి కూర్చున్నాడు. సెంట్రల్లో దిగాక ఆ స్తంభం వైపు చూడనివ్వకుండా చెయ్యి పట్టుకుని నడిపించాను. పూలమ్మే ఆమె బస్సు చూపించింది. ఆమె అరవంలో చెప్పింది; చేత్తో చూపించడం వల్ల అర్థమైంది.

చీర వేళకి అందింది. నాన్న విప్పి, మడతలు సరిచేసి, అక్క పాదాల దాకా కప్పాడు. ఆ తర్వాతే పెట్టె మూశారు.

మర్నాడు తిరుగు రైలుకి స్టేషన్‌కి వచ్చాము. నాన్న ఆ స్తంభం దగ్గర ఆగిపోయాడు. ఖాళీ సంచి కింద పెట్టి, అత్త ఎప్పుడూ వచ్చే వైపు తిరిగి నిలబడ్డాడు.

"రైలు నాన్నా," అన్నాను.

"ఉండు పాపా. కదలబాకనింది గదా."

జనం మాకు అటూ ఇటూ చీలి పోతున్నారు. నేనూ ఆయన పక్కన నిలబడి, ఆ వైపే చూశాను.