ఓంల కాకా

జహనుమా బస్తీలో ఆగయ్యను శివభక్తుడని అనుకున్నవాళ్లు ఉన్నారు. టెలిఫోన్ల ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, ఇంటి ముందరి గదిలో రేడియోలు బాగుచేస్తూ కూర్చునేవాడు. ఎవరు ఏం పట్టుకొచ్చినా ముందు ‘ఎన్ని ఓంలు?’ అని అడిగేవాడు. కంపెనీ పేరు తర్వాతి సంగతి. ఓం అంటే కరెంటుకు తగిలే అడ్డానికి కొలత అని ఎంతమందికి చెప్పినా, ఓంల కాకా అన్న పేరే నిలిచింది.

ఎనభై అయిదులోనో ఆరులోనో బాలమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. ఎదురింట్లో పాలమ్మే ఎల్లమ్మకు కోడలు. మొగుడు అంజన్ దుబాయికి పనికి పోయి రెండేళ్లు. ఆమెకు చదవడం రాదు కనుక, జాబుకు బదులు తన మాటలు నింపిన క్యాసెట్టు, వినడానికి ఒక వాక్‌మన్ పంపాడు. తెచ్చినాయన చెవులకు పెట్టుకునేవి దారిలో పోగొట్టాడు. పక్కింటి టేప్ రికార్డర్‌లో వేస్తే వాడకట్టంతా వింటుంది, అందరికన్నా ముందు అత్త వింటుంది. మొగుడి మాటలు తానొక్కతే వినాలని బాలమ్మ పట్టు. నాలుగు రోజులుగా క్యాసెట్టు బియ్యం డబ్బాలోనే ఉంది.

పాత సామాన్ల బజారులో ఒక జత ఆమే ఏరి తెచ్చుకుంది. మిలిటరీ వాళ్లవట, నల్లగా, బరువుగా ఉన్నాయి. మీద రెండువేల ఓంలని రాసి ఉంది. అమ్మినవాడు పిన్ను మార్చిచ్చి ‘జ్యాదా ఓం, జ్యాదా తాకత్’ అన్నాడట. ఓం ఎక్కువైతే పుణ్యమే గదా అని ఆమె కూడా అనుకుంది. తీరా పెట్టుకుంటే, సౌండు మొత్తం తిప్పినా అంజన్ గొంతు గోడవతలి దోమలా ఉంది. ఒక్క మాట అర్థం కాలేదు.

“ఓం ఎక్కువుంటే బలం గాదు బిడ్డా, అడ్డం,” అన్నాడు ఆగయ్య. “రెండు సెల్లుల డబ్బా ఇది. గంత అడ్డాన్ని ఏడ నూకుతది?”

మేకుకు వేలాడుతున్న రేడియో ఇయర్‌ఫోన్ ఇమ్మంది. అది ఎనిమిది ఓంలదని, సెల్లులను రెండు రోజుల్లో తాగేస్తుందని, ఒక చెవికే పనికొస్తుందని వద్దన్నాడు. సొరుగంతా వెతికి, పాడైన వాక్‌మన్ తాలూకు జత ఒకటి తీశాడు. మీటరు ఇరవై తొమ్మిది చూపింది. మీటరు ఎప్పుడూ కొంచెం తక్కువే చూపుతుంది, అసలు ముప్పై రెండు. ఇది సరిపోతుంది.

ఏ సామానైనా తాను విని చూడనిదే ఇచ్చే మనిషి కాదు. ఈసారి వినలేదు. మీటరును నమ్మి, ఆమె చేతికిచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

బాలమ్మ గడపలో కూర్చుని మీట నొక్కింది. వింటూ వింటూ నవ్వింది. చెవులు మూసుకున్న మనిషికి తన గొంతు ఎంతుందో తెలియదు. మొగుడు పక్కనే ఉన్నట్టు, గట్టిగా జవాబు చెప్పింది.

“జల్‌పల్లిల జాగ కొంటే కొను. మీ అమ్మకు మాత్రం చెప్పకు.”

ఎదురింట్లో బర్రె దగ్గర పాలధార ఆగింది. ఆగయ్య లేచేసరికే ఎల్లమ్మ చెంబుతో వచ్చి కోడలి ముందు నిలబడింది. బాలమ్మ చెవులమీదివి తానే తీసేసింది.

“కొనుర్రి, నేనొద్దంటినా?” అంది ఎల్లమ్మ. “ఆడ బర్రెలకు కొట్టం ఏస్తడా, ఎయ్యడా? గది జెప్పిండా వాడు?”

బాలమ్మ తల వంచుకుని టేపు వెనక్కి తిప్పింది.

ఆ తర్వాత ఎవరికి ఇయర్‌ఫోన్లిచ్చినా, ఆగయ్య ముందు ఓంలు చెప్పి, వినేటప్పుడు మాట్లాడొద్దని కూడా చెప్పేవాడు.