జెండా గుంజ కింద గది

జనగామలో కుతుబుద్దీన్ కుట్టిన పరుపు మీద పడుకోని పెళ్లికొడుకు లేడు. ఊరందరికీ మెత్తటి పడక అమర్చిన ఆ మనిషి మాత్రం ఏళ్ల తరబడి కారే రేకుల కింద అద్దెకున్నాడు. ఆ తేమకే భార్య షహనాజ్ బేగంకు ఆయాసం పట్టుకుంది. అందుకే తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, కిందా మీదా పడి ఒక స్లాబు ఇల్లు లేపాడు. మేస్త్రీ మిద్దె మీద వాటర్‌ప్రూఫ్ పూత వేసి, దీని జోలికి మాత్రం పోవద్దని చెప్పి వెళ్లాడు. షహనాజ్ తన గదిలో గోడకు చెంప ఆనించి చూసుకుంది. పొడిగా ఉంది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

కుతుబుద్దీన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే, పొగడ్త. 'నీలాంటోడు లేడు భాయ్' అంటే చాలు, ఒంటి మీది చొక్కా విప్పి ఇచ్చేస్తాడు. ఆ సంగతి ఉద్యమ కమిటీ నాయకుడు వీరస్వామికి బాగా ఎరుక. వచ్చాడు, మెడ ఎత్తి మిద్దెను చూశాడు, ఈ వాడకట్టులో జెండా ఎగరాల్సిన ఇల్లు ఇదేనన్నాడు. ఇంకేం కావాలి మన దొరవారికి! కొత్త పూతకు తూట్లు పొడిచి, బోల్టులు దిగ్గొట్టి, ఇనుప గుంజ నిలబెట్టారు. సుత్తి పట్టింది స్వయానా ఇంటాయనే.

మొదటి వానకే ఆ బోల్టుల సందుల్లోంచి నీళ్లు దిగి సరిగ్గా షహనాజ్ మంచం మీద పడ్డాయి. కుతుబుద్దీన్ మేస్త్రీని తిట్టాడు, సిమెంటును తిట్టాడు, అది కోస్తా నుంచి వచ్చిందని తెలుసుకుని మరికాసేపు తిట్టాడు. గుంజను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పీకేస్తే ఊరు తనను ద్రోహి అంటుందని భయం. చివరికి తనకొచ్చిన విద్యనే నమ్ముకున్నాడు. బోల్టుల చుట్టూ దూది కుక్కి పైన తారు పూశాడు. ఆహా, ఏం తెలివి! ఆ దూది వాననంతా తాగి, ఎండ కాసిన రోజుల్లో కూడా తీరిగ్గా కార్చింది. గోడలకు నల్లటి బూజు పట్టింది. షహనాజ్‌కు మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి.

ఒకరోజు వీరస్వామి ఆ గదిలోనే మీటింగు పెట్టాడు. అతగాడి తెల్లచొక్కా మీద మురికి చుక్క పడింది. ఇల్లు కట్టేటప్పుడు జర మంచి మేస్త్రీని చూసుకోవాలె అని హితవు చెప్పి, చొక్కా దులుపుకుని పోయాడు. కుతుబుద్దీన్ చేతులు కట్టుకుని తలూపాడు.

షహనాజ్ ఆ పూటే బట్టలు మూటగట్టింది.

"తెలంగాణ నాగ్గూడ కావాలె. అది వచ్చేదాంక నేను బతికుండాలె గద" అని, రేగొండలోని తమ్ముడింటికి బస్సెక్కింది.

ఆమె లేని ఇంట్లో కుతుబుద్దీన్‌కు ముద్ద దిగలేదు. తెల్లారగానే పానా పట్టుకుని మిద్దెక్కాడు. ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే బోల్టులు విప్పి గుంజను పడుకోబెట్టాడు. నానిన దూదిని తిట్టుకుంటూ తవ్విపోశాడు. మేస్త్రీ కాళ్లావేళ్లా పడి మళ్లీ పూత వేయించాడు. గోడలు ఆరాక కబురు పెడితే షహనాజ్ వచ్చింది. అన్ని మూలలూ తడిమి చూసి గానీ మంచం ఎక్కలేదు.

నిలదీసేవాళ్లు మాత్రం రాలేదు. ఊరేగింపులు ఆ ఇంటి ముందు నుంచే వెళ్తున్నాయి. కుతుబుద్దీన్ అరుగు మీద నిలబడి ఎవరు అడుగుతారోనని చూస్తున్నాడు. ఒక్కరూ తలెత్తరు. ఆ ఉత్కంఠ భరించలేక, చాయ్ హోటల్లో వీరస్వామి దగ్గరికి తనే వెళ్లాడు.

"మా మిద్దె మీది గుంజ తీసేసిన అన్నా."

వీరస్వామి చాయ్ ఊదుకుంటూ ఆలోచించాడు.

"మీ మిద్దె మీద గుంజ ఉండెనా భాయ్?"

దీనికోసమా షహనాజ్‌ను వానాకాలమంతా తడిగోడల మధ్య పడుకోబెట్టానని కుతుబుద్దీన్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. చాయ్ అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టాడు.